పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు పంచాయతీ డబ్బు: ఓపెన్ జిమ్, తల్లి ఖాతా, సాయంత్రం కేంద్రం.. ఏది మేలు?

ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ఉంది. పదో తరగతి వాళ్లకు స్టడీ అవర్లు పెడతారు. మధ్యలో పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు బడి వదిలాక ఏముందంటే, మా ప్రకాశం జిల్లా ఊళ్లలో చెప్పుకోవడానికి ఏమీ లేదు. బడి మానేసిన 11-14 ఏళ్ల ఆడపిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపిన పథకం కూడా 2021-22లో పోషణ్ 2.0 అనే అంగన్‌వాడీ, పోషకాహార పథకంలో కలిసిపోయింది. ఇప్పుడది 14-18 ఏళ్ల వాళ్లకే, అదీ వెనకబడినవని కేంద్ర ప్రభుత్వం ఎంచిన ఆకాంక్షిత జిల్లాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో మాత్రమే. ఆ జాబితాలో ప్రకాశం లేదు, నెల్లూరూ లేదు. ఇక ఊరే పూనుకోవాలి.

పంచాయతీలకు ముందుగా తట్టేది ఓపెన్ జిమ్. దానికో కారణం ఉంది. కేంద్ర ప్రభుత్వం నుంచి పంచాయతీలకు వచ్చే 15వ ఆర్థిక సంఘం (2021-26) నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే కేటాయించారు. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోమన్నారు గానీ జీతాలకు వాడకూడదన్నారు. అంటే ఆ డబ్బుతో వస్తువు కొనొచ్చు, మనిషిని పెట్టుకోలేం. అందుకే ఇనుప సామాను దిగుతుంది. ఆ పిడులు పెద్దవాళ్ల ఎత్తుకు ఉంటాయి, ఆరో తరగతి పిల్లాడు వాటిని పట్టుకుని వేలాడాల్సిందే. సాయంత్రమైతే మగవాళ్లు అక్కడ చేరి కబుర్లు చెప్పుకుంటారు. ఆడపిల్లలు ఆ దారినే రారు. నాకైతే ఇది పిల్లల కోసం పెట్టిన ఖర్చులా అనిపించదు.

రెండోది తల్లి చేతికి డబ్బివ్వడం. దీన్ని నేను తక్కువ చేయను. 2025లో తల్లికి వందనం కింద ఒక్కో విద్యార్థికి 15,000 కేటాయించి, అందులో 2,000 బడికి పోగా 13,000 తల్లి ఖాతాలో వేశారు. అప్పుల్లో ఉన్న ఇంటికి అది పెద్ద ఊరట. కానీ అది రాష్ట్రం చేయగల పని. పంచాయతీ దగ్గర 1,20,000 ఉండి, ఊళ్లో ఈ వయసు పిల్లలు 200 మంది ఉన్నారనుకుందాం. పంచితే తలా 600. దాంతో ఏమొస్తుంది?

పైగా డబ్బు వచ్చినంత మాత్రాన సాయంత్రం ఇంట్లో మనిషి ఉండదు. టంగుటూరు, కొండపి వైపు పొగాకు క్యూరింగ్ రోజుల్లో అమ్మ ఆకు కాల్చే బ్యారన్ దగ్గరే ఉంటుంది. ఏడో తరగతి పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని అన్నం వండుతుంది. ఆమె అన్న కల్వర్టు మీద ఫోన్ చూస్తూ కూర్చుంటాడు. ఆ పిల్ల పెద్దమనిషి అయితే, "ఇంక ఆటలేంది" అని ఇంట్లో కూర్చోబెడతారు.

మూడోది సాయంత్రం కేంద్రం. అదే 1,20,000తో దాన్ని నడిపే ఇద్దరికి నెలకు 5,000 చొప్పున ఏడాదంతా గౌరవ వేతనం ఇవ్వొచ్చు. బడి వరండాలో, రోజూ ఐదు నుంచి ఏడు దాకా. కాసేపు ఖోఖో, కాసేపు హోంవర్కు, కాసేపు పేపర్ చదవడం. చంకలో తమ్ముడున్నా రానివ్వాలి. నా ఓటు దీనికే. ఎందుకంటే ఒక పిల్ల వరసగా నాలుగు రోజులు రాకపోతే ఇక్కడ అడిగే మనిషి ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. పెళ్లిమాటలు నడుస్తున్న సంగతి ముందుగా తెలిసేది ఆ పిల్లను రోజూ చూసేవాళ్లకే.

రోజూ కలవడంలో ఎంత బలముందో నెల్లూరు జిల్లాకు కొత్తగా చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లకు చదువు నేర్పే అక్షరదీపం కేంద్రాలకు వచ్చిన దూబగుంట ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయింది. అక్కడ వాళ్లను కలిపింది సాయంత్రం చదువే.

ఇబ్బందులు లేవని కాదు. గౌరవ వేతనం ఆర్థిక సంఘం నిధుల నుంచి కుదరదు, ఇంటిపన్ను, చేపల చెరువు వేలం లాంటి సొంత ఆదాయం నుంచే రావాలి. మూడు నెలలు బకాయి పెడితే ఆ ఇద్దరూ వేరే పని చూసుకుంటారు, కేంద్రం మూతబడుతుంది. అందుకని ఏడాది డబ్బు పక్కన పెట్టాకే మొదలుపెట్టాలి. పుస్తకాలకు మాత్రం జిల్లా గ్రంథాలయ సంస్థను గట్టిగా అడగొచ్చు, మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వెళ్తున్నదే కదా.

ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా ఆడమనిషి కావాలి. ఏడింటికి ఆడపిల్లల్ని ఇళ్ల దాకా దిగబెట్టే పనీ వాళ్లదే. ఒక్క కేంద్రానికే డబ్బుంటే, ఊరి నడిమధ్య కాకుండా యానాది కాలనీ పక్కన పెట్టమంటాను. ఊళ్లో పిల్లలు కాలనీ దాకా నడిచి వస్తారు. కాలనీ పిల్లలు మాత్రం ఊళ్లోకి రావడానికి జంకుతారు.