ఎల్‌శాట్ మళ్లీ రాసేవాళ్లకు స్కోర్ ప్రివ్యూ అవసరమా?

ఎల్‌శాట్ అంటే అమెరికా లా స్కూళ్ల ప్రవేశ పరీక్ష. దాన్ని నిర్వహించే సంస్థ ఎల్‌శాక్, పరీక్ష రాసేవాళ్లకు అమ్మే సేవ స్కోర్ ప్రివ్యూ. స్కోరు ముందు చూసుకుని, ఉంచాలో రద్దు చేయాలో 6 రోజుల్లో చెప్పాలి. ఏమీ చెప్పకపోతే స్కోరు రికార్డులోకి వెళ్లిపోతుంది. పరీక్షకు ముందే కొంటే చవక, తర్వాత కొంటే ఖరీదు. పరీక్షలోని రైటింగ్ (వ్యాసం రాసే) భాగం పూర్తిచేయకపోతే మొదటిసారి రాసేవాళ్లకు స్కోరే రాదు, అది మర్చిపోయి గడువు దగ్గర ఇరుక్కునేవాళ్లు ఎక్కువ.

నా అభిప్రాయంలో చాలామందికి ఈ ఖర్చు అక్కర్లేదు. స్కూళ్లు తమ విద్యార్థుల మీడియన్‌ను (వరుసలో మధ్యన ఉండే స్కోరును) ఒక్కొక్కరి అత్యధిక స్కోరుతోనే లెక్కకట్టి లా స్కూళ్లకు గుర్తింపు ఇచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్‌కు చూపుతాయి. అందుకే ఒకసారి 158, మరోసారి 165 వచ్చి ఉంటే చూపు 165 మీదే. అయితే స్కోర్లన్నీ వాళ్లకు కనిపిస్తాయి. తేడా బాగా పెద్దదైతే కారణం అడిగే స్కూళ్లూ ఉన్నాయి, నాలుగు వాక్యాల వివరణ జతచేస్తే చాలు, సాకులు వద్దు.

ప్రాక్టీస్ టెస్టుల సగటు కంటే అసలు స్కోరు చాలా కింద పడే భయం ఉన్నవాళ్లకు మాత్రం కొనమంటాను. కానీ రద్దు చేసినా ఆ ప్రయత్నం లెక్కలోంచి పోదు: జీవితకాల పరిమితి 7 సార్లు. స్కోరు దాగుతుంది కానీ రద్దు చేసిన సంగతి స్కూళ్లకు తెలుస్తుంది.

2024 ఆగస్టు నుంచి పరీక్షలో లాజిక్ గేమ్స్ (పజిళ్ల సెక్షన్) లేవు, లాజికల్ రీజనింగ్ (వాదనలను విశ్లేషించే ప్రశ్నలు) రెండు సెక్షన్లు లెక్కకొస్తాయి. పాత మెటీరియల్‌తో మళ్లీ రాయబోయేవాళ్లు ముందు దాన్ని మార్చుకోండి.