ఇంట్లోనే రైఫిల్ తూటాలు నింపుకోవడం: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

టెక్సస్ హిల్ కంట్రీలో తెల్లతోక జింకల వేటకు నేను వాడే .308 విన్‌చెస్టర్ తూటాలను ఎనిమిదేళ్లుగా మా గ్యారేజీలోనే నింపుకుంటున్నాను. అంటే, కాల్చేసిన ఇత్తడి తొడుగులో కొత్త ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత), పౌడర్ (మందు), బుల్లెట్ (దూసుకెళ్లే గుండు) పెట్టి తూటాను మళ్లీ తయారుచేసుకోవడం. పోత ఇనుప సింగిల్ స్టేజ్ ప్రెస్ (మీటతో నొక్కే యంత్రం), దానికి బిగించే డైలు (అచ్చులు), ఎలక్ట్రానిక్ త్రాసు, క్యాలిపర్, రీలోడింగ్ మాన్యువల్, ఇవే నేను మొదట కొన్నవి. ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే, ప్రెస్ దగ్గర పొదుపు చేసినా ఫరవాలేదు గానీ త్రాసు దగ్గర మాత్రం చేయవద్దని చెబుతాను.

ముందుగా చట్టం సంగతి. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు, అమ్మాలంటే మాత్రం కావాలి. వీసా మీద ఉన్న మనవాళ్లు ఇంకొకటి గమనించాలి: చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప, తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదు.

ప్రెస్ గురించి చెప్పవలసింది తక్కువే. మీట ఒకసారి దించితే ఒక్క పనే చేస్తుంది కాబట్టి యాభై తూటాలకు ఒక సాయంత్రం పడుతుంది. అయితే వేటకూ, గురి సరిచూసుకోవడానికీ కలిపి నాకు ఏడాదికి వందకు మించి అక్కరలేదు గనుక ఆ నిదానం నాకు మేలే చేసింది. వాడేసిన ప్రైమర్లు తట్టలో పడకుండా నేలమీద దొర్లడం ఒక్కటే దానిలో నాకు నచ్చని విషయం.

కాల్చినప్పుడు ఉబ్బిన ఇత్తడి తొడుగును డై మళ్లీ కొలతకు తెస్తుంది. దానికి ముందు తొడుగు ఒంటికి పల్చగా మైనం రాయాలి. మొదటి నెలలోనే ఒక తొడుగుకు రాయడం మరిచి మీట దించాను. అది సగంలో బిగుసుకుపోగా, బలంగా వెనక్కి లాగేసరికి అంచు చిరిగి, తొడుగు డైలోనే ఉండిపోయింది. దాని అడుగున రంధ్రం చేసి, మర తీసి, బోల్టుతో బయటికి లాగడానికి రెండు గంటలు పట్టింది. ఇత్తడి కాల్చిన కొద్దీ సాగుతుంది కూడా. .308 తొడుగు పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు కనుక నేను 2.005కు కోస్తాను. అడుగుకు కాస్త పైన మెరిసే గీత కనబడితే, పేపర్ క్లిప్పు కొన వంచి లోపలి గోడ తడిమి చూస్తాను. కొన ఎక్కడైనా పల్లంలో తట్టుకుంటే, గోడ అక్కడ పల్చబడినట్టే కాబట్టి ఆ తొడుగును పారేస్తాను.

ఇక త్రాసు. పౌడర్‌ను గ్రెయిన్లలో తూస్తాం, ఒక పౌండుకు 7000 గ్రెయిన్లు. రెండో ఏడు ఒక రాత్రి ముప్పై తొడుగులు నింపాక, అనుమానం వచ్చి తూకపు రాయి పెట్టి చూస్తే నా చౌక త్రాసు 0.4 గ్రెయిన్లు తప్పు చూపింది. పైన ఏసీ గాలి నేరుగా దానిమీదికే వస్తోంది. ఏ తొడుగు దగ్గర తప్పడం మొదలైందో తెలియదు కాబట్టి ముప్పైనీ ఖాళీ చేశాను. అప్పటినుంచి ఎలక్ట్రానిక్ కాని కాడ త్రాసునే వాడుతున్నాను. పది తొడుగులకొకసారి తూకపు రాయితో సరిచూస్తాను. బుల్లెట్లు బిగించే ముందు లోడింగ్ బ్లాక్‌లో వరుసగా నిలబెట్టి, టార్చి వేసి ఒక్కొక్క తొడుగులోకి చూస్తాను. పౌడర్ రెండుసార్లు పడినా, అసలు పడకపోయినా ఆ వెలుగులోనే బయటపడాలి.

ఎంత పౌడర్ వేయాలన్నది ఇక్కడ రాయను, ఎవరైనా చెప్పినా నమ్మవద్దు. పౌడర్, బుల్లెట్ తయారీదారుల మాన్యువల్‌లో మీరు వాడే బుల్లెట్టుకే ఇచ్చిన కనిష్ఠ మోతాదుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి. కాల్చాక రైఫిల్ బోల్టు (గొట్టాన్ని వెనుక మూసే కడ్డీ) ఎత్తడం బరువైనా, కాల్చిన ప్రైమర్ చదునైనా, లోపల పీడనం ఎక్కువైందని గ్రహించి అక్కడే ఆగాలి.

ఖర్చు తగ్గుతుందని మొదలుపెట్టాను గానీ, సామాను ధర రాబట్టుకోవడానికే ఏళ్లు పట్టింది. దక్కిన లాభం గురి. కొన్న తూటాలతో వంద గజాల దూరంలో రెండు అంగుళాల మేర చెదిరే దెబ్బలు ఇప్పుడు ఒక అంగుళంలో పడుతున్నాయి. జింక భుజం వెనుక గురి పెట్టేటప్పుడు, అది బాధపడకుండా ఒక్క దెబ్బతో పడిపోవాలని కోరుకునే నాకు ఆ ఒక్క అంగుళం తేడా చాలా విలువైనది.