గన్‌లో 41 చూపించి 38 వేలు తీసుకున్నారు: కారుకు 'హీట్ ప్రూఫింగ్' చేయించే ముందు జాగ్రత్త

హనుమకొండ, వరంగల్, కాజీపేట, కరీంనగర్ వైపు మోడిఫైడ్ కార్లు నడిపేవాళ్లు, ముఖ్యంగా డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగను కిందికి తీసుకెళ్లే పైపు) మార్చిన టర్బో పెట్రోల్ బండ్లు ఉన్నవాళ్లు ఇది చదవండి. 'క్యాబిన్ హీట్ ప్యాకేజ్' అని ఒక పని చేస్తున్నారు. సీట్లు, కార్పెట్ తీసి, ఫ్లోర్ అంతా వెండి రంగు షీట్ అతికించి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్‌తో కొలిచి 'చూడండి ఎంత తగ్గిందో' అంటారు. ఆ కొలతను నమ్మకండి. మెరిసే షీట్ మీద ఆ గన్ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, షీట్ మంచిదైనా, పనికిరానిదైనా. షాపు పేరు రాయడం లేదు. ఇదే డెమో ఇంకో చోట కూడా చూశాను కాబట్టి పేరు కన్నా పద్ధతి తెలియడం ముఖ్యం.

నాది 2017 ఆక్టేవియా ఆర్ఎస్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. 2 లీటర్ల టర్బో పెట్రోల్, కంపెనీ లెక్క ప్రకారం 230 హార్స్‌పవర్. పాత ఓనర్ పెద్ద డౌన్‌పైప్ వేయించి, పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించాడు (ఈసీయూ రీమ్యాప్). ఈ ఇంజిన్‌లో టర్బో రేడియేటర్ వైపు ఉండదు, మన కాళ్ల ముందు, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడలా ఉండే ఫైర్‌వాల్ వైపు ఉంటుంది. డౌన్‌పైప్ అక్కడి నుంచి కిందికి దిగుతుంది, ఆ తర్వాత సైలెన్సర్ పైపు గేర్ లివర్ కింద, ఫ్లోర్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్‌లోంచి వెనక్కి పోతుంది. గట్టిగా తొక్కినప్పుడు టర్బోలోకి వచ్చే పొగ వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. చలికాలంలో కొన్నాను కాబట్టి ఏమీ తెలియలేదు. ఏప్రిల్ వచ్చాక హైదరాబాద్ నుంచి వస్తుంటే జనగామ చేరేసరికి మోకాలు సెంటర్ కన్సోల్‌కి ఆనితే చుర్రుమనేది. కప్ హోల్డర్‌లో పెట్టిన నీళ్లు తాగలేనంత వేడెక్కేవి. ఏసీ 18లో పెట్టినా ముఖానికి చల్లగా, కాళ్లకు వేడిగా ఉండేది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. బయటే 44 డిగ్రీలున్నప్పుడు కింద నుంచి ఇంకో పొయ్యి అవసరమా?

షాపులో మాట బాగుంది. ఇంజిన్ స్టార్ట్‌లో ఉంచి, కాసేపు రేస్ చేసి, కార్పెట్ తీసిన టన్నెల్ మీద గన్ పెడితే 68 చూపించింది. షీట్ ముక్క అతికించి, కొంచెం ఆగి మళ్లీ పెడితే 41. "గన్ అబద్ధం చెప్తదా అన్నా? ఇగ లోపలికి వేడి యాడికెళ్లి వస్తది?" అన్నాడు. జర్మన్ మెటీరియల్, మూడు లేయర్లు, పదేళ్ల గ్యారంటీ. ఫ్లోర్, టన్నెల్, ఫైర్‌వాల్ లోపలి వైపు, డిక్కీ కలిపి 38 వేలు. చేతికి ఇచ్చింది మాత్రం జీఎస్టీ నంబర్ లేని ఎస్టిమేట్ స్లిప్.

వేడి తగ్గలేదు. మొదటి వారం తగ్గినట్టే అనిపించింది, అదీ ఆ రోజుల్లో వానలు పడ్డాయి కాబట్టి. ఎండలు మళ్లీ ముదిరాక వేడితో పాటు కొత్తగా తారు వాసన మొదలైంది. ఎండలో ఆపి తలుపు తీస్తే కొత్తగా రోడ్డేసిన చోట నిలబడ్డట్టే. ముందు అద్దం లోపలి వైపు జిడ్డు పొర పట్టేది, రాత్రి ఎదురు లైట్లు పడితే చెదిరిపోయి కనిపించేవి. మీ బండిలో హీట్ ప్యాకేజ్ చేయించాక ఇలాంటి జిడ్డు వస్తే కార్పెట్ కింద ఏముందో వెంటనే చూడండి.

నేను కన్సోల్ పక్కన కార్పెట్ ఎత్తి చూశాను. ఆ 'మూడు లేయర్లు' ఏమిటంటే కింద తారు కలిపిన నల్ల షీట్, మధ్యలో పల్చటి పాలిథిన్ ఫోమ్, పైన వెండి రంగు పూత పూసిన ప్లాస్టిక్. పైది అల్యూమినియం ఫాయిల్ కూడా కాదు. అసలు ఫాయిల్ అయితే మడిచి నొక్కితే ముడత అలాగే నిలుస్తుంది, చింపితే సులువుగా చిరుగుతుంది. ఇది సాగింది, ముడత విప్పుకుంది. అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీలు కావాలి. పాలిథిన్ 110, 130 మధ్యలోనే కరిగిపోతుంది. రోడ్లకు వాడే తారు అయితే 50 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది. 68 డిగ్రీలుందని వాళ్లే కొలిచి చూపించిన రేకు మీద తారు షీట్ అతికించారు! టన్నెల్ మీద అది జారి కిందికి దిగింది, కార్పెట్ వెనక నల్లగా అంటుకుంది. ఆ కార్పెట్‌కు ఇప్పుడు ఏ కెమికల్ పెట్టినా మరక పోవడం లేదు.

ఇప్పుడు గన్ సంగతి. ఆ గన్ వేడిని తాకి కొలవదు. వస్తువు నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను చూసి లెక్క కడుతుంది. పెయింట్, రబ్బరు, బట్ట, మన చర్మం, ఇవన్నీ తమ వేడికి తగ్గట్టు ఇన్‌ఫ్రారెడ్‌ను బాగా వదులుతాయి. మెరిసే అల్యూమినియం అందులో పదోవంతు కూడా వదలదు, చుట్టుపక్కల వాటి నుంచి వచ్చినదాన్నే అద్దంలా తిప్పి పంపుతుంది. ఇలాంటి మెరిసే పూత కూడా తక్కువే వదులుతుంది. ఒక వస్తువు ఇలా ఎంత వదులుతుందో చెప్పే అంకెను ఎమిసివిటీ అంటారు. తక్కువ ధర గన్లు అన్నిటికీ 0.95 అని ఒకే లెక్క పెట్టుకుని ఉంటాయి. అందుకే పెయింట్ ఉన్న టన్నెల్ మీద 68 అన్నది నిజం, షీట్ మీద 41 అన్నది చాలావరకు కారు లోపలి రూఫ్, సీట్ల వేడి. ఆ రోజు షెడ్డులో వేడి కూడా దాదాపు అంతే ఉంది.

నమ్మకం లేకపోతే ఇంట్లో చూడండి. మెరిసే స్టీలు గిన్నెలో నీళ్లు మరగబెట్టి, పక్క నుంచి గన్ పెడితే చాలా తక్కువ చూపిస్తుంది. అదే గిన్నెకు ఎలక్ట్రీషియన్లు వాడే నల్ల టేపు ముక్క అతికించి, టేపు మీద గన్ పెట్టండి, అంకె ఒక్కసారిగా 90 దాటుతుంది. నీళ్లు అవే, గిన్నె అదే. నా కారులోనూ షీట్ మీద నల్ల టేపు అతికించి, అది వేడెక్కేదాకా ఆగి కొలిస్తే 66 వచ్చింది. 38 వేలకు తగ్గింది రెండు డిగ్రీలు. షాపువాళ్ల ముందే ఇది చేసి చూపిస్తే "టేపు వేడిని పట్టుకుంటది సార్" అన్నారు. అంతకు ముందు రోజు దాకా అన్నా, ఆ రోజు నుంచి సార్.

మెరిసే షీట్లన్నీ మోసం అని నేను అనడం లేదు. మంచి ఫాయిల్ వేడిని అవతలికి వెదజల్లదు, అది నిజమైన గుణమే. కానీ దాని ముందు గాలి ఖాళీ ఉన్నంతవరకే. రేకుకు అతికించి, పైన కార్పెట్ నొక్కి పెడితే వేడి ఒకదాని నుంచి ఇంకోదానికి తాకుడుతోనే పోతుంది, అక్కడ మెరుపుకు పనే లేదు. కంపెనీవాళ్లు హీట్ షీల్డ్‌ను (సైలెన్సర్ వేడిని ఆపే రేకును) బాడీకి అతికించకుండా కొన్ని మిల్లీమీటర్ల ఎడంలో వేలాడదీసేది అందుకే.

అసలు రోగం బయటపడింది ఆటోనగర్‌లో. వేరే పని మీద బండిని లిఫ్ట్ ఎక్కిస్తే మెకానిక్ కింద నుంచి చూసి, "సార్, టన్నెల్ రేకు ఎవరు పీకిన్రు?" అని అడిగాడు. సైలెన్సర్ పైపుకు పైన, బాడీకి కింద గరుకుగా నొక్కిన అల్యూమినియం రేకు ఒకటి ఉండాలి, అదే హీట్ షీల్డ్. నా బండిలో ముందు సగం అసలు లేదు. ఇది చాలా బండ్లలో జరిగేదే. దాన్ని పట్టి ఉంచే బోల్టు (స్టడ్) దగ్గర రేకు అరిగి, బిర్రు వదిలి గలగలమంటుంది. ఎవరో ఒకరు సౌండ్ పోవాలని దాన్ని పీకి పక్కన పడేస్తారు. డౌన్‌పైప్ మార్చేటప్పుడు అడ్డంగా ఉందని తీసి మళ్లీ పెట్టనివాళ్లు కూడా ఉన్నారు. డౌన్‌పైప్ మీద కంపెనీ ఇచ్చే కవచం ఈ ఆఫ్టర్‌మార్కెట్ పైపుకు ఎలాగూ లేదు. అంటే పైపు నేరుగా నా ఫ్లోర్‌ను కాలుస్తోంది. హీట్ ప్యాకేజ్ షాపులో బండి లిఫ్ట్ ఎక్కనే లేదు, కింద ఒక్కసారి టార్చ్ వేసి చూసినా సరిపోయేది.

కొత్త రేకు తెప్పించి, స్టడ్‌ల దగ్గర వెడల్పాటి వాషర్లు వేసి బిగించారు. డౌన్‌పైప్‌కు వేడిని ఆపే బసాల్ట్ రాయి నార పట్టీ (ర్యాప్) చుట్టించాను. అన్నీ కలిపి 9 వేల లోపే అయింది. అదే రోడ్డు, అదే మధ్యాహ్నం, ఇప్పుడు కన్సోల్ గోరువెచ్చగా ఉంటుంది, చుర్రుమనదు. టన్నెల్ మీద పెయింట్ ఉన్న చోట గన్ 47 చూపిస్తోంది.

ర్యాప్ గురించి రెండు మాటలు. 'టైటానియం ర్యాప్' అని అమ్మేవాటిలో చాలావరకు ఉండేది బసాల్ట్ రాయి నారే, పేరు రంగును బట్టి వచ్చింది. అది ఫర్వాలేదు, మామూలు గ్లాస్ ఫైబర్ కన్నా ఎక్కువ వేడి తట్టుకుంటుంది. కానీ మైల్డ్ స్టీల్ పైపుకు చుడితే లోపల తడి నిలిచి తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ పైపుకే చుట్టించండి. ఆయిల్ లీక్ ఉన్న ఇంజిన్‌లో అయితే ర్యాప్ ఆలోచనే వద్దు. ఆయిల్ పీల్చుకున్న ర్యాప్‌కు నిప్పు అంటుకోవచ్చు. కొత్త ర్యాప్ నుంచి మొదటి రెండు మూడు సార్లు పొగ రావడం మాత్రం మామూలే. ఇక సెరామిక్ ఫైబర్ దుప్పటి, ఫర్నేసుల్లో వాడే తెల్ల దూది లాంటిది, దాన్ని క్యాబిన్‌లో పరుస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ నారలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం వాటిని క్యాన్సర్ తేగలవని అనుమానం ఉన్న 2బి జాబితాలో పెట్టింది. బ్యూటైల్ రబ్బరు షీట్ తారు షీట్ కన్నా ఎంతో మేలు, కానీ అది రేకు అదురును, చప్పుడును తగ్గించడానికి. వేడికని ఎవరైనా అమ్మితే వాళ్లకు తెలియదు, లేదా మీకు తెలియదనుకుంటున్నారు.

డబ్బు పెట్టే ముందు వేడి ఎటు నుంచి వస్తోందో తేల్చుకోండి. దానికి ఖర్చేమీ లేదు. తెల్లవారుజామున, ఎండ లేనప్పుడు, ఏసీ ఆపి ఒక గంట హైవే మీద నడపండి. అప్పుడు కూడా కన్సోల్, కాళ్ల దగ్గర వేడెక్కితే అది ఇంజిన్, సైలెన్సర్ వేడి. టెంపరేచర్ అన్నిటికన్నా తక్కువలో పెట్టి బ్లోయర్ మాత్రమే వేసినా వెంట్ల నుంచి వేడి గాలి వస్తుంటే షీట్లతో పని లేదు. చాలా కార్లలో 90 డిగ్రీల కూలెంట్ హీటర్ కోర్‌లో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, గాలిని దాని మీదికి పోనివ్వకుండా ఆపే ఫ్లాప్ సరిగా మూసుకోవడం లేదన్నమాట. ఫైర్‌వాల్‌కు కొత్త వైర్లు, బూస్ట్ గేజ్ (టర్బో ప్రెషర్ మీటర్) పైపు లాగినవాళ్లు అక్కడ కంతను మూసే రబ్బరు గ్రొమెట్ చూసుకోండి. వేలు పట్టేంత కంత ఉన్నా ఇంజిన్ గాలి నేరుగా లోపలికి వస్తుంది. ఇవేవీ కాకుండా ఎండలో ఆపినప్పుడే వేడి అయితే అది అద్దాల సమస్య.

అద్దాలంటే గుర్తొచ్చింది. అదే షాపులో లైటు బల్బు పెట్టి, అద్దాలకు అతికించే ఫిల్మ్ వెనక చెయ్యి పెట్టమని కూడా చూపిస్తారు. ఎండలో వచ్చే శక్తిలో ఇన్‌ఫ్రారెడ్ దాదాపు సగమే, కాబట్టి '99 శాతం ఐఆర్ బ్లాక్' అంటే 99 శాతం వేడి ఆగినట్టు కాదు. మొత్తం సోలార్ ఎనర్జీ ఎంత ఆపుతుందో అడగండి, కాగితం మీద చూపించమనండి. ముదురు ఫిల్మ్ అయితే అసలే వద్దు. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది నిబంధన, 2012లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పోలీసులు ఫిల్ములను పీకించడం అందరం చూశాం.

ఇంకో నష్టం చెప్పకపోతే ఈ హెచ్చరిక సగమే. షీట్ వేయడానికి సీట్లు తీసినప్పుడు కింద ఉండే పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్, సీట్ బెల్ట్ సిస్టమ్‌వి. బ్యాటరీ తీయకుండా, ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా వాటిని పీకారు. ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి ఆరలేదు. "అది మామూలే, పోతుంది" అన్నారు. పోలేదు. స్కానర్ పెట్టించి చూస్తే ఒక కనెక్టర్ సరిగా కూర్చోలేదు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ ఉండేది కూడా టన్నెల్ మీదే. దాని బ్రాకెట్ కిందికి షీట్ దూర్చారేమోనని విప్పించి చూడాల్సి వచ్చింది, అదృష్టం కొద్దీ దూర్చలేదు. షీట్ పని చేయించి ఆ లైట్ వెలుగుతున్నవాళ్లు ఇంకో పని పెట్టుకోకుండా ముందు అది చూపించుకోండి. ప్రమాదంలో బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు.

డబ్బు వాపసు అడిగితే "మీది స్టేజ్ టూ బండి కదా సార్, వేడి వస్తది" అన్నారు. డౌన్‌పైప్, రీమ్యాప్ రెండూ ఉన్న బండిని అలా అంటారు. స్టేజ్ టూ అని తెలిసే కదా ప్యాకేజ్ అమ్మింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, నష్టం జరిగిన రెండేళ్ల లోపు వేయాలి. నా దగ్గర జీఎస్టీ బిల్లు లేదు కానీ యూపీఐ పేమెంట్, ఎస్టిమేట్ స్లిప్, వాట్సాప్‌లో 'పదేళ్ల గ్యారంటీ' అని వాళ్లు పంపిన మెసేజ్ ఉన్నాయి. పీకిన షీట్లను కూడా పారేయకుండా గోనె సంచిలో కట్టి ఉంచాను. మీరు అదే పని చేయించి ఉంటే షీట్ పీకే ముందు నల్ల టేపు పెట్టి, గన్ అంకె కనబడేలా వీడియో తీసి పెట్టుకోండి.