అమెరికా అధ్యక్షుడు: మనిషిని చూసి ఓటా, విధానం చూసి ఓటా?

నన్నడిగితే విధానమే మేలు. కాకపోతే ఇద్దరి విధానాలూ దగ్గరదగ్గరగా ఉన్న ఏడాది మనిషిని చూసి ఓటేయడంలో తప్పేం లేదు.

1960 అలాంటిదే. సోవియట్ యూనియన్‌తో గట్టిగా ఉండాలనే విషయంలో డెమోక్రటిక్ అభ్యర్థి కెనడీకీ రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్‌కీ పెద్ద తేడా లేదు. సెప్టెంబర్ 26న షికాగోలో జరిగిన తొలి టీవీ డిబేట్ నాటికి నిక్సన్ మోకాలి ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో ఉండి వచ్చి బాగా చిక్కిపోయాడు, లేత రంగు సూటు వెనక గోడలో కలిసిపోయింది, పైగా ముఖం మీద చెమట. కెనడీ ముదురు సూటు వేసుకుని కెమెరా వైపు నేరుగా చూస్తూ మాట్లాడాడు. చివరికి కెనడీయే గెలిచాడు, కానీ దేశం మొత్తమ్మీద తేడా సుమారు 1,12,000 ఓట్లే.

1984 వేరు. బడ్జెట్ లోటు పెరిగిపోతోంది, నేను పన్నులు పెంచుతాను, రీగన్ కూడా పెంచుతాడు కానీ మీకు చెప్పడు, నేను చెబుతున్నా అని అప్పటి అధ్యక్షుడు రీగన్ మీద పోటీ చేసిన డెమోక్రటిక్ అభ్యర్థి మాండేల్ పార్టీ మహాసభలోనే అనేశాడు. గాల్లోంచి తెచ్చిన మాట కాదది, 1982లో పన్నులు పెంచే చట్టం మీద రీగన్ సంతకం పెట్టే ఉన్నాడు. కానీ జనానికి గుర్తుండిపోయింది మాత్రం డిబేట్‌లో వయసు గురించి అడిగితే 73 ఏళ్ళ రీగన్, ప్రత్యర్థి చిన్న వయసునీ అనుభవం లేకపోవడాన్నీ ఎన్నికలకు వాడుకోనని అనడం, దానికి మాండేల్ కూడా నవ్వేయడం. రీగన్‌కి 49 రాష్ట్రాలు, మాండేల్‌కి సొంత రాష్ట్రం మిన్నెసోటా, వాషింగ్టన్ డీసీ. పన్నుల గురించి ముందే నిజం చెబితే ఏమవుతుందో అందరూ చూశారు. 1988లో సీనియర్ బుష్ కొత్త పన్నులుండవని గట్టిగా మాటిచ్చి గెలిచాడు, 1990లో పెంచాడు. ఇది నాకు ఇప్పటికీ బాధే.

అలాగని స్వభావం లెక్కలోకి రాదని కాదు. 1962లో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డప్పుడు సైనికాధిపతులు వైమానిక దాడి చేద్దామన్నా కెనడీ నౌకా దిగ్బంధంతో ఆగాడు. అలాంటి నిర్ణయం ఏ మేనిఫెస్టోలోనూ రాసి ఉండదు. అయితే స్వభావం వేరు, టీవీలో కనిపించే ఇమేజ్ వేరు. స్వభావం తెలియాలంటే ఆ మనిషి అంతకుముందు వేటి మీద సంతకాలు పెట్టాడో చూడాలి.

అమెరికాలోని మన తెలుగు కుటుంబాలకి ఇది బాగా తెలుసు. 2024 జూన్‌లో ట్రంప్ ఒక పాడ్‌కాస్ట్‌లో, అక్కడ డిగ్రీ చేసిన విదేశీ విద్యార్థులకి పట్టాతోపాటే గ్రీన్‌కార్డు రావాలన్నాడు. వినడానికి ఎంతో బాగుంది. కానీ 2020 జూన్‌లో హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద కొత్తగా వచ్చేవాళ్ళని ఆపిన ఉత్తర్వు ఆయనదే. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు పెట్టిందీ ఆయనే.