గార్నర్ పార్కా, కాంకాన్ ఒడ్డా: పిల్లలు, పెద్దవాళ్ళతో టెంటు ఎక్కడ వేయాలి?

ఆస్టిన్ నుంచి మూడు గంటలు కారులో వెళ్తే ఫ్రియో నది వస్తుంది. ఫ్రియో అంటే స్పానిష్‌లో చల్లన. టెక్సస్ జూన్ ఎండలో ఆ పేరు వింటేనే సగం ప్రాణం లేచొస్తుంది. అయితే బయల్దేరే ముందు ప్రతి ఇంట్లో ఒక చర్చ: టెంటు గార్నర్ స్టేట్ పార్కులో వేద్దామా, లేక అక్కడికి పది మైళ్ళ లోపే ఉన్న కాంకాన్‌లో, ఏదైనా ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్ళ పక్కనే వేద్దామా? 2025 వేసవిలో మేం రెండూ చూశాం. జూన్ మొదటి వారాంతం గార్నర్‌లో, మూడో వారాంతం కాంకాన్‌లో. మేం నలుగురం, మా బావమరిది వాళ్ళు నలుగురు, ఖమ్మం నుంచి వచ్చిన అమ్మానాన్నలు, మొత్తం పది మందిమి.

బుకింగ్‌లో మాత్రం కాంకాన్‌దే పైచేయి. స్టేట్ పార్కుల్లో సైట్లకి (టెంటు వేసుకునే చోట్లకి) బుకింగ్ ఐదు నెలల ముందు తెరుస్తారు. గార్నర్‌లో వేసవి వారాంతాలు ఎంత తొందరగా అయిపోతాయంటే, జూన్‌లో వెళ్ళాలంటే జనవరిలో చలికోటు వేసుకుని కూర్చుని బుక్ చేసుకోవాలి. మేమూ అదే చేశాం. కాంకాన్‌లో మా బావమరిది పది రోజుల ముందు ఫోన్ చేస్తే చోటు దొరికింది.

డబ్బు దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. గార్నర్‌లో సైటుకి ఇంత అని కడతాం, ఒక్కో సైటులో ఎనిమిది మంది దాకా ఉండొచ్చు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ప్రవేశ రుసుము లేదు. స్టేట్ పార్కుల ఏడాది పాస్ (2025 వేసవిలో డెబ్భై డాలర్లు) ఉంటే కార్లో ఎంతమంది ఉన్నా గేటు దగ్గర ఏమీ కట్టక్కర్లేదు. కాంకాన్‌లో మేం దిగిన చోట తలకింత, పిల్లలకీ టిక్కెట్టే, పార్కింగ్ వేరే. గార్నర్‌లో రెండు సైట్లకి అయినదానికి దాదాపు మూడింతలైంది.

ఇక ఉండే వసతి. గార్నర్ సైటులో ఒక బల్ల, పొయ్యి పెట్టుకోవడానికి ఇనుప చట్రం, ఒక నీళ్ళ కుళాయి. నేల అంతా సున్నపురాయి. టెంటుతో వచ్చిన సన్నటి మేకులు రెండు దెబ్బలకే వంగిపోయాయి. పొడవాటి ఇనుప మేకులు, ఒక సుత్తి తీసుకెళ్ళండి, లేకపోతే పక్క సైటు వాళ్ళని అడుక్కోవాలి (మేం అడుక్కున్నాం). బాత్‌రూమ్‌లు కాస్త దూరం. అర్ధరాత్రి అమ్మని టార్చి వెలుగులో రెండుసార్లు నడిపించుకెళ్ళాల్సి వచ్చింది. ఇంకోమాట, ఇంట్లో వాడే ప్లాస్టిక్ మగ్గు మర్చిపోకండి. పెద్దవాళ్ళతో వెళ్ళే ఇంట్లో అది టెంటుకన్నా ముఖ్యం. కాంకాన్‌లో బాత్‌రూమ్‌లు దగ్గర, వేణ్ణీళ్ళు ధారాళంగా వచ్చాయి, ఐస్ అమ్మే కొట్టు కూడా అక్కడే. నదిలో తేలుతూ కిందికి రావడానికి గాలి ట్యూబులు అద్దెకిచ్చి, వాళ్ళే వ్యాన్‌లో ఎగువకి తీసుకెళ్ళి దింపుతారు. పిల్లలని అడిగితే ఏది మేలో క్షణం ఆలోచించరు.

వంట రెండు చోట్లా గ్యాస్ స్టవ్ మీదే. కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్ళు నిప్పు మీద నిషేధం పెడితే కట్టెల పొయ్యి ఎక్కడా కుదరదు, బయల్దేరే ముందు అది చూసుకోవాలి. గార్నర్‌లో పొద్దున్నే ఉప్మాకి పోపు వేస్తుంటే రెండు సైట్ల అవతలి పెద్దాయన కాఫీ కప్పుతో వచ్చి, ఆ వాసన ఏమిటని అడిగి, ఒక ప్లేటు తిని వెళ్ళాడు. రకూన్‌లు (రాత్రిపూట తిండి వెతుక్కుంటూ తిరిగే అడవి జంతువులు) మాత్రం అడగవు. మొదటి రాత్రి కూలర్ (తిండి పెట్టుకునే ఐస్ పెట్టె) బల్ల మీద వదిలేశాం. తెల్లారేసరికి మూత తెరిచి ఉంది, దద్ధోజనం గిన్నె నాకినట్టు ఖాళీ, అమ్మ చేసిచ్చిన సున్నుండలు ఒక్కటీ లేవు. ఆవకాయ సీసా జోలికి మాత్రం పోలేదు. రెండో రాత్రి కూలర్ కార్లో పెట్టాం.

రాత్రి పది దాటాక స్టేట్ పార్కులో చప్పుడు చేయకూడదు. నలుగురిలో మందు తాగడం కూడా నిషేధమే. ఈ రెండో నియమం మా బావమరిదికి అంతగా రుచించలేదు, మా ఆవిడకి చాలా నచ్చింది. పదింటి లోపు సందడికేం లోటు లేదు. గార్నర్‌లో వేసవి రాత్రుల్లో జూక్‌బాక్స్ పాటలకి ఆరుబయట డ్యాన్స్ ఉంటుంది, 1940ల నుంచీ ఉన్న ఆనవాయితీ. తాతలు, మనవరాళ్ళు, అప్పుడే పెళ్ళైన జంటలు, అందరూ ఒకే సిమెంటు గచ్చు మీద. అమ్మ కుర్చీ వేసుకుని గంట సేపు చూసి, తిరునాళ్ళలా ఉందంది. కాంకాన్‌లో పక్క గుంపు స్పీకర్లు రాత్రి ఒంటిగంట దాకా మోగాయి. ఆఫీసుకి వెళ్ళి చెప్తే శనివారం కదా అన్నారు. టెంట్ల మధ్య పది అడుగులు కూడా లేవు, ఇక నిద్ర ఏం పడుతుంది?

అయినా నాకు తేడా తేల్చింది ఆ గోల కాదు. కాంకాన్‌లో మా టెంటు నీళ్ళకి ఇరవై అడుగుల దూరంలో, పెద్ద సైప్రస్ చెట్టు కింద. ఫోటోకి అంతకన్నా మంచి చోటు ఉండదు. సాయంత్రం నాన్న ఆ చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి నన్ను పిలిచారు. నా తలకి మూడడుగుల పైన, కొమ్మ చీలిన చోట ఎండిన గడ్డి చుట్టుకుని ఉంది. అందులో ఇరుక్కున్న ఒక ప్లాస్టిక్ సీసా, తెగిన తాడు ముక్క. "నీళ్ళు అక్కడిదాకా వచ్చాయిరా" అన్నారు. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చినప్పుడు చూసిన మనిషి. ఆ రాత్రి ఆయన టెంట్లో పడుకోలేదు, గట్టు మీద పార్క్ చేసిన కార్లో సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నారు. చాదస్తం అనుకున్నాం.

రెండు వారాలు తిరగకుండానే జూలై 4 వచ్చింది. తెల్లవారకముందే గ్వాడలూపె నది కెర్ కౌంటీలో హంట్ అనే ఊరి దగ్గర ముప్పావు గంటలో 26 అడుగులు పెరిగింది. మధ్య టెక్సస్‌లో ఆ వరదల్లో నూట ముప్పై మందికి పైగా పోయారు. వాళ్ళలో ఒడ్డున క్యాంపుల్లో నిద్రపోతున్నవాళ్ళు ఎందరో. ఫ్రియో వేరే నది, కానీ అదే కొండ ప్రాంతం: పలచటి మట్టి కింద రాయి, వాన నీరు ఇంకదు, వాలు వెంట నేరుగా వాగుల్లోకి దిగుతుంది. మన నెత్తిన చినుకు పడకపోయినా ఎగువన కురిసింది చీకట్లో మన దాకా వచ్చేస్తుంది.

అలాగని స్టేట్ పార్కు అనగానే భయం లేదని కాదు. గార్నర్‌లోనూ నీళ్ళకి దగ్గరి సైట్లున్నాయి. బుక్ చేసేటప్పుడు మ్యాప్ తెరిచి నదికి దూరంగా, ఎత్తులో ఉన్నది ఎంచుకోవాలి. ఫోన్ సిగ్నల్ ఆ లోయలో సరిగ్గా అందదు. వాతావరణ హెచ్చరికలు వినిపించే, బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఒకటి కొనుక్కోండి. ఫ్లాష్ ఫ్లడ్ వాచ్ అంటే వరద రావచ్చని, వార్నింగ్ అంటే వచ్చేసిందని, లేదా వచ్చేస్తోందని. వార్నింగ్ వినగానే టెంటు అక్కడే వదిలేసి, పిల్లల్ని ఎత్తుకుని గట్టెక్కాలి.

పెళ్ళికాని కుర్రాళ్ళు నలుగురు వెళ్తున్నారా, వాన సూచన లేదా, అయితే కాంకాన్‌కే వెళ్ళండి, మజా అక్కడే. చంటిపిల్లలో, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళో ఉంటే నా ఓటు గార్నర్‌కే, బాత్‌రూమ్ దూరమైనా సరే. ఈసారి మేం రెండు రాత్రులూ గార్నర్‌లో ఉండి, మధ్యలో ఒక పగలు మాత్రం పిల్లల్ని ట్యూబింగ్‌కి కాంకాన్ తీసుకెళ్ళి, చీకటి పడకముందే తిరిగొచ్చేలా అనుకున్నాం. ఖమ్మం ఫోన్ చేసి చెప్తే నాన్న అడిగింది ఒకటే: "సైటు గట్టు మీదేనా?"