టీకాల రిమైండర్లు: రెండేళ్లు వాడాక నా అనుభవం

మా పాపకు మొన్ననే రెండేళ్లు నిండాయి. పుట్టినప్పుడు వేసిన బీసీజీ (క్షయ టీకా) నుంచి 16 నెలలు దాటాక వేసిన డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్ దాకా యూ-విన్ (ప్రభుత్వ టీకాల నమోదు వ్యవస్థ) మెసేజ్‌లు, నా ఫోన్ క్యాలెండర్ రెండూ వాడాను. పసిపిల్లలున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

కాన్పు పుట్టింట్లో, ఖమ్మం దగ్గర పల్లెలో. ఆసుపత్రిలో మా ఆయన నంబర్ ఇచ్చాం. ఆయన హైదరాబాద్‌లో నైట్ డ్యూటీలు. పది వారాల సూదికి మెసేజ్ వేళకే వచ్చింది, కానీ ఆయన ఫోన్‌కి. నాకు చెప్పేసరికి బుధవారం దాటిపోయింది. మా దగ్గర టీకాలు బుధ, శనివారాల్లోనే. శనివారానికి పాపకు జలుబు. "ముక్కు కారుతుంటే సూదేంటే" అని అమ్మ ఆపేసింది. ఆ పై వారం ఆశా అక్క ఇంటికొచ్చి, మామూలు జలుబుకు సూది ఆపక్కర్లేదని అమ్మకు నచ్చజెప్పి తీసుకెళ్లింది. అప్పటికి పది రోజులు ఆలస్యం.

ఇక మర్చిపోకూడదని, 14 వారాలంటే 98వ రోజని లెక్కేసి నా ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. అది మోగగానే ఎండలో పాపను ఎత్తుకుని సబ్‌సెంటర్‌కి వెళ్తే, ఏఎన్‌ఎం (అక్కడ సూదులు వేసే నర్సు) మేడమ్ టీకాల కార్డులో పోయినసారి తేదీ మీద వేలు పెట్టి చూపించారు. "రెండింటికీ మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలమ్మా. నీకు 18 రోజులే అయ్యాయి. ఈ శనివారం కాదు, ఆపై శనివారం రా." ఆలస్యమైనా మళ్లీ మొదటి నుంచి వేయక్కర్లేదని కూడా చెప్పారు. అప్పుడుగానీ నా టెన్షన్ తగ్గలేదు.

ఆ రోజు నుంచి సూది వేయించాక అక్కడే కూర్చుని, కార్డులో రాసిన తర్వాతి తేదీకే అలారం పెట్టుకుంటున్నాను. ఒకటేమో నాలుగు రోజుల ముందు, ఇంకోటి ముందురోజు సాయంత్రం. యూ-విన్‌లో మా ఆయన నంబర్ తీయించి నాది పెట్టించాను.

రిమైండర్ నిజంగా ఆదుకున్నది తొమ్మిది నెలలు నిండినప్పుడు. మధ్యలో ఐదు నెలలకు పైగా సూదే లేదు, నేను అత్తగారింటికి వచ్చేశాను, కార్డేమో అమ్మ దగ్గరే ఉండిపోయింది. మెసేజ్ రాకపోతే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా సంగతి గుర్తొచ్చేదే కాదు. ఇక్కడి ఏఎన్‌ఎం ఫోన్ నంబర్ కొట్టి పాత వివరాలన్నీ తీశారు.

కానీ అంతకుముందు పెంటా (ఐదు జబ్బులకు కలిపి వేసే సూది) వేసిన రాత్రి పాప ఒళ్లు కాలిపోతుంటే, తొడ ముట్టుకుంటే ఏడుస్తుంటే ఏ మెసేజూ సాయం రాలేదు. ఆశా అక్కకే ఫోన్ చేశాను. ఆమె నంబర్ కూడా తప్పకుండా దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు నా క్యాలెండర్‌లో ఆరు నెలలకోసారి విటమిన్ ఎ, ఐదేళ్లు నిండాక వేయించాల్సిన డీపీటీ బూస్టర్ ఉన్నాయి.