పెంచలకోన వానల్లో రాత్రి పడకకు టెంటా, ఉయ్యాలా?

నెల్లూరుకు పడమట, పెంచలకోన ఉన్న వెలిగొండల్లో నడవాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బాగుంటుంది. ఈశాన్య రుతుపవనాలకు వాగులు పారతాయి, అడవి పచ్చబడుతుంది. చిక్కల్లా రాత్రి పడకతోనే: నేల మీద టెంటా, రెండు చెట్ల మధ్య కట్టే ఉయ్యాలా, అదే హ్యామక్?

పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి లోపల ఉండకూడదు. పైగా ఎర్రచందనం అడవి. చీకట్లో టార్చి వెలిగించి ట్రెక్కింగ్‌కి వచ్చామంటే ఎవరు నమ్ముతారు? పగలు కొండల్లో తిరిగి, రాత్రికి రాపూరు వైపు తెలిసినవాళ్ల తోటలో పడుకోవడం మేలు.

నిమ్మతోటైతే టెంటే గతి. చెట్టు పొట్టి, ఒళ్లంతా ముళ్లు. మామిడి తోట దొరికితే మాత్రం ఉయ్యాలే.

టెంటుకు పైనుంచి పడే వానకన్నా కిందినుంచి చేరే నీళ్లతోనే చేటు. కింద పరిచే పట్టా టెంటుకన్నా వెడల్పుంటే, పైనుంచి జారిన నీళ్లు ఆ అంచున పడి రెంటి మధ్యకూ చేరతాయి. తెల్లారేసరికి వీపు తడి. పట్టా అంచుల్ని అన్ని వైపులా రెండంగుళాలు లోపలికి మడిచేయాలి. చెట్ల పాదుల్లో, కాలువ పక్కన టెంటు వేయొద్దు. వానని జిప్పులన్నీ మూస్తే ఊపిరి ఆవిరే లోపల బొట్లు కడుతుంది.

ఉయ్యాలకు బురద, చీమలు, తేళ్ల బెడద తక్కువ. 12–15 అడుగుల ఎడంలో రెండు గట్టి మానులు, పైన ఎండుకొమ్మలు లేనివి, పగలే చూసుకోవాలి. మాను బెరడు కోసుకుపోకుండా రెండంగుళాల వెడల్పు పట్టీలు తలెత్తున కట్టాలి. మధ్యలో కూర్చుంటే కుర్చీ ఎత్తు రావాలి. బిగదీసి కడితే పట్టీల మీద లాగుడు పెరుగుతుంది, భుజాలు నలుగుతాయి. కాస్త వదులుగా కట్టి ఐమూలగా పడుకుంటే వీపు సాపుగా ఉంటుంది. పైన పదడుగుల చదరపు టార్పాలిన్ చాలు. మాను మీద కారే నీళ్లు పట్టీ వెంటే లోపలికి పాకుతాయి. టార్పాలిన్ నీడలోకి వచ్చాక పట్టీకి జానెడు నూలుతాడు ముడేసి వేలాడదీస్తే, అక్కడే బొట్లుగా రాలిపోతాయి. చాలామంది మరిచిపోయేది ఇదే. డిసెంబరు చలి కిందినుంచే కొడుతుంది, కాబట్టి ఫోమ్ చాప లోపల పరుచుకోవాలి.

చంటిపిల్లలుంటే టెంటే నయం. జలగలుండే పడమటి కనుమల వానాడవులకు పోయేవాళ్లకు ఉయ్యాల ఇంకా మేలు, అయితే అక్కడా అనుమతున్న చోటే. వాయుగుండం హెచ్చరిక ఉంటే మాత్రం రెండూ కట్టిపెట్టి, సాయంత్రం బస్సుకే నెల్లూరు వచ్చేయండి.